గళ్ల నుడికట్టులో సాయం అడగటం: అపోహలు - వాస్తవాలు

నేను పేపరుకి రోజువారీ గళ్ల నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్, కూరుస్తాను. పాఠకుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "7 నిలువు ఏంటండీ?" అడిగేవాళ్లలో చాలామందికి లోపల ఎక్కడో మొహమాటం ఉంటుంది, తప్పు చేస్తున్నామన్నట్టు. ఆ మొహమాటం పోవాలి. అదే సమయంలో, అడిగే తీరు కూడా కొంచెం మారాలి. గళ్ల దగ్గర సాయం గురించి ఏళ్ల తరబడి పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను ఇక్కడ విడదీసి చూద్దాం.

అపోహ: ఎవరినైనా అడిగినా, నిఘంటువు తీసినా మోసమే

వాస్తవం: కానే కాదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన మొదటి క్రాస్‌వర్డ్ వినోదాల పేజీలో వచ్చింది. అది పరీక్ష పేపరు కాదు. 1920ల్లో అమెరికాలో ఈ పిచ్చి ముదిరినప్పుడు బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే తన రైళ్లలో ప్రయాణికుల కోసం నిఘంటువులు పెట్టింది. వాటిని తిరగేసినవాళ్లను మోసగాళ్లని ఎవరూ అనలేదు.

మన ఇళ్లలో మాత్రం ఎప్పటినుంచో ఇది నలుగురి ఆటే. పురాణాల ఆధారం (జవాబు పట్టుకోడానికి ఇచ్చే సూచన) వస్తే అమ్మమ్మని, సినిమా పేరైతే బాబాయిని, క్రికెటర్ పేరైతే పిల్లల్ని అడుగుతాం. అలా అడగటంలోనే సగం సరదా ఉంది.

ఒక్కచోట మాత్రం హద్దు ఉంది. బహుమతి పెట్టిన పజిల్ అయితే గడువు ముగిసేదాకా జవాబులు నలుగురిలో చెప్పకూడదు, అడగకూడదు. వాట్సాప్ గ్రూపులో ఒకరు గళ్లన్నీ నింపి ఫొటో పెట్టేస్తే సొంతంగా కుస్తీ పడుతున్న పదిమంది ఉత్సాహం చచ్చిపోతుంది. ఈ విషయంలో నేను ఖచ్చితంగానే ఉంటాను.

అపోహ: జవాబు తెలిసిపోతే సాయం అందినట్టే

వాస్తవం: జవాబు ఆ రోజు గడి నింపుతుంది, అంతే. అలాంటి ఆధారమే మళ్లీ వస్తే మళ్లీ అక్కడే ఆగిపోతారు. కావలసింది ఆ ఆధారం ఎలా విడిపడిందో తెలియడం.

ఈ ఆధారం చూడండి, చివర ఉన్న అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది: "ఒళ్లు వాల్చే చోటు కోసం రాయలసీమ ఊరు తిరగాలి (3)".

మొదటిసారి చూసినవాళ్లు రాయలసీమ ఊళ్ల జాబితా మొదలుపెడతారు. నంద్యాల, మూడక్షరాలు. ఆదోని, మూడే. కడప కూడా మూడే. ఎటూ తేలక "రాయలసీమలో మూడక్షరాల ఊరేంటి?" అని పక్కవాళ్లని అడుగుతారు. చిక్కు అక్కడే వచ్చింది. వాళ్లు ఊరి పేరు చెబుతారు, మీకు కావలసింది ఊరి పేరు కాదు. "తిరగాలి" అన్న మాటను ఊరంతా తిరగడం అనుకున్నారు. ఆ మాట పెట్టింది అక్షరాల్ని తిప్పమని. నంద్యాలని తిప్పితే మాట రాదు. ఆదోనిని తిప్పినా రాదు. కడపని తిప్పితే పడక. ఒళ్లు వాల్చే చోటు.

ఇప్పుడు ఇదే ఆధారానికి సాయం ఎలా అడగాలో చెబుతాను. ఆధారం మొత్తం, ఒక్క మాట కూడా పోకుండా చదివి వినిపించండి. ఎన్ని అక్షరాలో చెప్పండి. ఇప్పటికే పడిన అక్షరం ఉంటే ఏ గడిలో పడిందో చెప్పండి. అది నిలువు పదం నుంచి వచ్చిందైతే ఆ నిలువు పదం మీద మీకెంత నమ్మకం ఉందో కూడా చెప్పాలి. ఎందుకంటే తప్పు అక్షరం పట్టుకుని వెతికితే ఎంత తెలివైనవాళ్లకైనా దొరకదు. చివరగా, "జవాబు చెప్పొద్దు, ఇందులో అర్థం చెప్పే ముక్క ఏది, అక్షరాలతో ఆడించే ముక్క ఏది, అంతవరకే చెప్పండి" అనండి.

సాయం చేసేవాళ్లకీ ఒక మాట. మెట్టు మెట్టుగా చెప్పండి. ముందు "తిరగాలి అన్న మాట మీద దృష్టి పెట్టు" అంటే చాలు. అప్పటికీ రాకపోతే "అర్థం మొదట్లోనే ఉంది" అనండి. ఆ తర్వాత ఒక్క అక్షరం. జవాబు అన్నిటికంటే చివర.

అపోహ: పాండిత్యం ఉన్నవాళ్లకే గళ్లు పడతాయి

వాస్తవం: శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు గళ్లు కూర్చారు కాబట్టి ఇది పండితుల ఆట అన్న పేరు వచ్చినట్టుంది. నిజానికి రోజువారీ గళ్లలో ఉండేవి ఎక్కువగా మనం వాడే మాటలే. కష్టం మాటలో ఉండదు, ఆధారం దాన్ని దాచిన పద్ధతిలో ఉంటుంది.

"కుశుడి తోబుట్టువు తిరగబడితే చేపలు చిక్కుతాయి (2)". లవ తిరగబడితే వల. ఇందులో పాండిత్యమేముంది?

"తల తెగిన కోతి ఒళ్లంతా పాకింది (2)". కోతికి మనకు తెలిసిన పేర్లు వరసగా అనుకుంటే కపి, మర్కటం, వానరం. తల అంటే మొదటి అక్షరం. వానరంలో "వా" తీసేస్తే నరం. ఒళ్లంతా పాకేది అదే.

"విజయనగరంలో దొరికే ఆభరణం (2)". బంగారు కొట్ల గురించి ఆలోచించక్కర్లేదు. ఆ ఊరి పేరులోనే నగ ఉంది.

"చెట్టు ఇది ఉంటేనే నిలుస్తుంది, అన్నదమ్ములు ఇది పడితే ఇల్లు నిలవదు (2)". వేరు.

తిరిగి, అటునుంచి, వెనక్కి అంటే తిప్పమని. తారుమారు, కలగాపులగం, చెదిరి అంటే అక్షరాల వరస మార్చేయమని. తల లేని, తోక తెగిన, కడుపు ఖాళీ అంటే మొదటిదో చివరిదో మధ్యదో తీసేయమని. "లో" ఉంటే లోపల వెతకమని. ఈ కొన్ని గుర్తుంటే చాలా ఆధారాలు లొంగుతాయి.

నిఘంటువు నిజంగా అక్కరకొచ్చేది మూలల్లో మిగిలిపోయే రెండక్షరాల మాటలకు. అసి, నగం, ఖగం, ఇల లాంటివి అక్కడ తరచూ కనిపిస్తాయి. చుట్టూ పదాలు బిగిసిపోయాక మాకు మిగిలే చోటు అంతే, అందుకే పాత మాటలు వాడతాం. "హరి" అన్నది మాకు భలే ఇష్టమైన మాట. విష్ణువు, సింహం, కోతి, గుర్రం, పాము, కప్ప, అన్నీ హరే. ఇలాంటివి పర్యాయపద నిఘంటువులో చూసుకోండి, లేదా ఆంధ్రభారతి సైటులో వెతకండి. అక్కడ చాలా నిఘంటువులు ఒకేసారి చూడొచ్చు.

అపోహ: 1 అడ్డం పడితేగానీ ముందుకు పోకూడదు

వాస్తవం: అలాంటి నియమం ఏదీ లేదు. ఆధారాలన్నీ ఒకసారి చదివేసి, ఏది తేలిగ్గా తడితే అది పెట్టండి.

అపోహ: ఫోన్‌లో కొడితే జవాబు వచ్చేస్తుంది

వాస్తవం: ఇంగ్లీషు గళ్లకు ఆ సాయం బాగానే దొరుకుతుంది. తెలుగు దగ్గర లెక్కే తప్పుతుంది. మన గడిలో పట్టేది పూర్తి అక్షరం. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ దానితోనే ఉంటాయి. "స్త్రీ" మనకు ఒక్క గడి. కంప్యూటర్ లోపల అదే మాటకు ఆరు సంకేతాలు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అందుకని మూడక్షరాల మాట అడిగితే ఐదక్షరాలది ఇచ్చి, అదే సరైనదని గట్టిగా చెప్పే యాప్‌లు ఉన్నాయి. ఏఐ చాట్‌లనైనా సరే అర్థాలు, పర్యాయపదాలు అడగడానికి వాడుకోండి, గళ్లు మాత్రం మీరే లెక్కపెట్టుకోండి. వచ్చిన మాట అక్షరాల లెక్కకు సరిపోవాలి, అర్థానికి సరిపోవాలి, ఆధారంలోని ఆటకూ సరిపోవాలి. మూడూ కుదిరేదాకా పెన్నుతో రాయొద్దు.

కొత్తవాళ్లు మనుషుల్ని అడిగినప్పుడు కూడా తడబడేది ఈ లెక్క దగ్గరే. "కలం తిప్పితే రావణుడి ఊరు (2)" అంటే లంక. సున్నా "ల"ని అంటిపెట్టుకుని ఉంటుంది, విడిగా గడి ఉండదు. "కలెక్టర్" అని రాస్తే క, లె, క్ట, ర్ నాలుగు గళ్లు, చివరి పొల్లుకీ గడి ఉంటుంది. కొందరం కలెక్టరు అని రాసేస్తాం, అప్పుడూ నాలుగే, కానీ చివరి గడిలో "రు" పడుతుంది. అడ్డంగా దాటే పదం (అదే గడిలోంచి పోయే మరో పదం) కుదరకపోతే ముందు ఇలాంటి చివరి అక్షరాన్నే అనుమానించండి.

మన అక్షరంతో ఒక పెద్ద లాభం కూడా ఉంది. ఇంగ్లీషులో దాటే పదం నుంచి "ఆర్" ఒక్కటే వస్తే పెద్దగా ఏమీ తేలదు. మనకు "క్ట" అని పడిందంటే ఆ గడిలో ఉండగల మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఎవరినైనా అడిగేముందు దాటే పదాల్లో ఒక్కటైనా పట్టుకోమంటాను. గళ్లలోనే ఉన్న సాయం అది.

అపోహ: రోజూ గళ్లు నింపితే మతిమరుపు జబ్బు రాదు

వాస్తవం: మెదడుకు పని దొరుకుతుంది, మనసుకు హాయిగా ఉంటుంది. అంతవరకు నిజం. జబ్బును ఆపుతుందని రుజువు లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు మరుపు పెరుగుతుంటే పజిల్ పుస్తకం కొనిచ్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

అపోహ: మర్నాడు వచ్చే జవాబులు ఓడిపోయినవాళ్లకే

వాస్తవం: అంతకంటే మంచి సాయం ఇంకోటి లేదు, అదీ ఉచితంగా. నిన్నటి పేపరు పారేయకుండా ఉంచండి. రాని ఆధారాల పక్కన జవాబు రాసుకుని, అర్థం చెప్పే ముక్క కింద గీత గీయండి. మిగిలిన మాటల్లో ప్రతిదీ ఎందుకుందో చూడండి. మంచి ఆధారంలో ఊరికే పెట్టిన మాట ఉండదు. ఎంత చూసినా ఏ మాటకో పని కనిపించకపోతే, అప్పుడు పేపరుకే ఉత్తరమో మెయిలో రాయండి. అచ్చుతప్పయినా కావచ్చు, ఆధారంలోనే లోపమైనా ఉండొచ్చు. "7 నిలువు ఏంటండీ?" అని కాకుండా "7 నిలువులో ఈ మాట ఎందుకు పెట్టారు?" అని అడిగితే, గళ్లు కూర్చే మాలో ఎవరమైనా సంతోషంగా జవాబిస్తాం.