కుల్త్రుంగ్ వెనక భూమి గొడవ

చిలీలో ఎక్కడ నిరసన జరిగినా ఆ వీడియోల్లో ఒక జెండా కనిపిస్తుంది: నీలం, ఆకుపచ్చ, ఎరుపు పట్టీలు, మధ్యలో పసుపు రంగులో ఒక గుండ్రటి బొమ్మ. 2019లో రాజధాని శాంటియాగో వీధులు జనంతో కిక్కిరిసిపోయినప్పుడు దేశం జెండాతో పాటు ఇదీ ఎగిరింది. చాలామంది ఆ గుండ్రటిదాన్ని సూర్యుడు అనుకుంటారు కానీ అది డోలు, పేరు కుల్త్రుంగ్. 1992లో మపుచే ప్రజలు తమకంటూ ఒక జెండా తయారు చేసుకున్నప్పుడు దాని మధ్యలో ఈ డోలునే పెట్టుకున్నారు. ఎందుకు అనేది అర్థం కావాలంటే పాటల దగ్గర కాదు, భూమి దగ్గర మొదలుపెట్టాలి.

మపుచేలు చిలీ దక్షిణ భాగంలోనూ, ఆండీస్ పర్వతాలకు అటువైపు అర్జెంటీనాలోనూ ఉంటారు. 2017 జనగణనలో ఒక్క చిలీలోనే 17 లక్షల మందికి పైగా మేం మపుచేలం అని రాయించుకున్నారు, అంటే దేశ జనాభాలో దాదాపు పదో వంతు.

కుల్త్రుంగ్ ఎవరు పడితే వాళ్లు వాయించేది కాదు. అది మాచిది. మాచి అంటే వైద్యం చేసే మనిషి, దేవతలతో మాట్లాడే మనిషి కూడా. ఎక్కువగా ఆడవాళ్లే, మగవాళ్లూ ఉన్నారు. కలల్లోనో అంతుపట్టని జబ్బు రూపంలోనో పిలుపు వచ్చిందని నమ్మాకే ఎవరైనా మాచి అవుతారు. డోలు కోసం చెట్టు మొద్దును గిన్నెలా తొలిచి తోలు బిగిస్తారు, బిగించే ముందు లోపల గింజలు, చిన్న రాళ్లు, ఈకలు, నాణేలు లాంటివి వేస్తారు, మాచి తన గొంతును కూడా అందులోకి వదులుతుంది. తోలు మీద రెండు గీతలు అడ్డంగా నిలువుగా గీసి నాలుగు భాగాలు చేస్తారు. అవి నాలుగు దిక్కులు. వాటిల్లో సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు. మొత్తం లోకం ఆ తోలు మీద ఉంటుందన్నమాట. రోగి పక్కన కూర్చుని మాచి ఈ డోలు వాయిస్తూ పాడుతూ పూనకంలోకి వెళ్తుంది, అప్పుడు ఆమె నోట వచ్చే మాటల్ని పక్కన ఉన్న ఇంకో మనిషి అందరికీ విడమరిచి చెప్తాడు. మాచి చనిపోతే ఆమె డోలును చాలాచోట్ల పగలగొట్టేస్తారు, లేదా ఆమెతో పాటే సమాధి చేస్తారు. మ్యూజియం అద్దాల వెనక మంచి కండిషన్‌లో ఉన్న కుల్త్రుంగ్ కనిపిస్తే, అది అక్కడికి ఎలా వచ్చిందో అని కాస్త అనుమానపడటంలో తప్పులేదు.

మిగతా వాయిద్యాలు ఊరందరివీ. పిఫిల్కా అనే చిన్న పిల్లనగ్రోవి ఒక్క స్వరమే పలుకుతుంది, అందుకే ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఊదుతూ పాటను పంచుకుంటారు. త్రుత్రుకా అనేది మనిషి ఎత్తుకు రెండింతలు కూడా ఉండే పొడవాటి వెదురు బూర, చివర ఎద్దు కొమ్ము, పైన గుర్రం పేగు తొడుగు. ఇంకా చిన్న చిన్న గంటలు, సొరకాయ బుర్రతో చేసిన గిలక, నోట్లో పెట్టుకుని మీటే త్రొంపే. ఈ త్రొంపే మన కచేరీల్లో వినే మోర్సింగ్‌కు చుట్టమే, అక్కడ మాత్రం కుర్రాళ్లు అమ్మాయిల మనసు గెలవడానికి వాయించేవారట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ మధ్య త్రుత్రుకాను ప్లాస్టిక్ పైపుతో చేస్తున్నారని, అసలు సంప్రదాయం పోతోందని బాధపడేవాళ్లు ఉన్నారు. గుర్రాలు, ఎద్దులు, త్రొంపే, ఇవన్నీ వచ్చిందే స్పెయిన్ వాళ్లతో కదా! ఎదుటివాడి దగ్గర ఉన్నది లాక్కుని తమ పాటకు వాడుకోవడం వీళ్లకు నాలుగు వందల ఏళ్ల పైబడిన అలవాటు, ప్లాస్టిక్ పైపు దగ్గరకొచ్చేసరికి సంప్రదాయం పోయిందనడం నాకైతే వింతగా ఉంది.

ఆ స్పెయిన్ వాళ్లు 1541లో శాంటియాగో కట్టి దక్షిణానికి దిగారు. 1553లో లౌతారో అనే యువ నాయకుడి సేన వాళ్ల గవర్నర్ వల్దీవియాను తుకపెల్ దగ్గర ఓడించింది, ఆయన ప్రాణాలతో బయటపడలేదు. 1598లో కురలబా దగ్గర ఇంకో గవర్నర్‌కూ అదే గతి. చివరికి 1641లో కిలిన్ దగ్గర కూర్చుని ఒప్పందం చేసుకున్నారు, బియోబియో నదికి దక్షిణం మపుచేలది అని స్పెయిన్ ఒప్పుకుంది. యుద్ధాలు ఆ తర్వాతా జరిగాయి, ఒప్పందాలూ జరిగాయి, కానీ భూమి మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. మాచి డోలును సైతాను పని అని మిషనరీలు తిట్టేవారు, కానీ నదికి దక్షిణాన దాన్ని ఆపే బలం వాళ్లకు లేదు.

అసలు దెబ్బ కొట్టింది స్పెయిన్ కాదు, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి చిలీ. 1861 నుంచి 1883 వరకు సైన్యం దక్షిణానికి దిగింది, దానికి ‘శాంతింపజేయడం’ అని పేరు పెట్టారు. ఇంచుమించు అదే సమయంలో అటువైపు అర్జెంటీనా సైన్యం పంపాలు అనే గడ్డి మైదానాల మీద పడింది. యుద్ధం అయ్యాక చిలీ ప్రభుత్వం మపుచేలను ముక్కలు ముక్కలుగా చిన్న కమతాల్లో కుదించింది. 1929 దాకా అలా పట్టాలిచ్చిన భూమి అంతా కలిపితే 5 లక్షల హెక్టార్లు, పాత నేలలో ఓ 6 శాతం. మిగతాది వలస వచ్చినవాళ్లకి, పెద్ద ఎస్టేట్లకి పోయింది.

దీనికీ సంగీతానికీ ఏం సంబంధం అంటే, న్గిల్లాతున్ అనే పెద్ద పూజ ఉంటుంది, వానలకీ పంటలకీ అందరి క్షేమానికీ చేసేది. రెండు మూడు రోజులు సాగుతుంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ రావాలి, విశాలమైన మైదానం కావాలి, మధ్యలో మెట్లు చెక్కిన పూజా స్తంభం, ఫోయె చెట్టు కొమ్మలు, చుట్టూ గుర్రాలు, నిప్పుకోడిలాంటి పక్షిని అనుకరిస్తూ ఆడే నాట్యం. కమతాలు కుదించుకుపోయాక, ఆ మైదానం ఎవరిదో కంచె లోపలికి వెళ్లిపోయాక ఆ వాయిద్యాలు ఎక్కడ మోగాలి? 1974లో సైనిక నియంత పినోచే ప్రభుత్వం అడవుల పెంపకానికి సబ్సిడీలు ఇచ్చింది, దాంతో పైన్, యూకలిప్టస్ తోటలు కొండల్ని కమ్మేశాయి. 1979లో ఇంకో శాసనం, ఉమ్మడి భూముల్ని విడగొట్టేది. విడగొట్టిన భూమిని ఆదివాసీ భూమిగా ఇక లెక్కచేయక్కర్లేదని కూడా అందులో రాశారు.

మాచి ఫ్రాన్సిస్కా లింకొనావో కేసు దీనికి సరైన ఉదాహరణ. తాను మందు మొక్కలు ఏరుకునే పవిత్రమైన కొండ దగ్గర ఎస్టేటు వాళ్లు అడవి చెట్లు నరికి వేరే చెట్లు నాటుతుంటే ఆమె కోర్టుకు వెళ్లింది. ఆదివాసీ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను ఆధారంగా తీసుకుని దక్షిణాన ఉన్న తెముకో నగరం కోర్టు ఆమె వైపు తీర్పిచ్చింది, 2009లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ చెట్లు, ఆ మొక్కలు లేకపోతే మాచి లేదు, మాచి లేకపోతే కుల్త్రుంగ్ ఉత్త తోలుగిన్నె.

దీనికి చాలా ముందే పాటను రాసుకునేవాళ్లూ వచ్చారు. బవేరియా నుంచి వచ్చిన ఫెలిక్స్ దె అగుస్తా అనే మతగురువు 1910లో కొన్ని పాటల్ని పుస్తకంలో అచ్చేశాడు. 1930లలో కార్లోస్ ఇసామిత్ అనే స్వరకర్త మపుచే ఊళ్లలో ఉండి స్వరాలు రాసుకున్నాడు. 1957, 58లలో చిలీ జానపద గాయని వియొలేతా పార్రా టేప్ రికార్డర్ పట్టుకుని ఆ ప్రాంతాల గాయకుల్ని రికార్డు చేసింది. మేలే జరిగింది, కానీ వీళ్లంతా బయటివాళ్లు.

నన్ను ఎక్కువ కదిలించేది అయిమే పైనే అనే మపుచే గాయని కథ. 1943లో అర్జెంటీనాలోని రియో నెగ్రోలో పుట్టింది, అప్పట్లో ఆదివాసీ పేర్లు రిజిస్టర్ చేసేవారు కాదు కాబట్టి కాగితాల్లో ఓల్గా ఎలిసా అయింది, చిన్నప్పుడే ఇంటికి దూరమై మార్ దెల్ ప్లాతాలో అనాథాశ్రమంలో పెరిగింది. పెద్దయ్యాక జాతీయ బృందగానంలో పాడేది. ఒక అంతర్జాతీయ సమావేశంలో మిగతా దేశాలవాళ్లు తమ ఆదివాసుల పాట ఒకటైనా పాడుతుంటే అర్జెంటీనా బృందం ఒక్కటీ పాడలేదట, ఆమెకు అది గుచ్చుకుంది. దక్షిణాన ఉన్న పటగోనియాకు వెళ్లి అవ్వల దగ్గర కూర్చుని పాటలు నేర్చుకుని, మపుచే బట్టల్లో వేదికెక్కి, ఒక్కో పాట ఎవరిది, ఎందుకు పాడతారు అని చెప్పి మరీ పాడేది. 1987లో, ఇంకా 44 ఏళ్లకే, పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో చనిపోయింది.

ఇప్పుడు చిలీ మపుచేల్లో మూడో వంతు దాకా రాజధాని ప్రాంతంలోనే ఉన్నారు. భూమి చాలక వచ్చిన రొట్టె పనివాళ్ల, ఇంటి పనివాళ్ల పిల్లలూ మనవలూ. లువాంకో మపుచేల భాష మపుదుంగున్‌లో ర్యాప్ పాడతాడు, వెచెకెచె న్యి త్రావున్ అనే బృందం త్రుత్రుకాను బీట్‌తో కలిపింది, దానియేలా మిల్లాలెయో గిటారుతో పాడుతుంది. 2021 నుంచి జూన్‌లో వచ్చే ఆదివాసుల దినం దేశమంతా సెలవు. మపుచేల కొత్త సంవత్సరమూ అప్పుడే కాబట్టి స్కూళ్లలో పిల్లలు అట్ట డోళ్లు వాయిస్తారు. అదే ఏడు మపుచే భాషావేత్త ఎలిసా లోంకోన్ చిలీకి కొత్త రాజ్యాంగం రాసే సభకు అధ్యక్షురాలైంది, మాచి లింకొనావో అందులో సభ్యురాలు. ఆ సభ రాసిన ముసాయిదాను 2022లో 62 శాతం ఓటర్లు తిప్పికొట్టారు.

టూరిస్టు షోల్లో కుల్త్రుంగ్ వాయించొచ్చా, మగ్గుల మీద, టీషర్టుల మీద అచ్చేసి అమ్మొచ్చా అనే వాదన మపుచేల మధ్యే నడుస్తోంది. బడిలో అట్ట డోలు వాయించినా సరే పిల్లలకు పేరైనా తెలుస్తుందనేవాళ్లున్నారు, మాచి లేని చోట అది మోగకూడదనేవాళ్లున్నారు. న్గిల్లాతున్‌లో చాలాచోట్ల ఫోన్ తీయనివ్వరు. కాబట్టి నెట్‌లో వెతికితే దొరికేది ఎక్కువగా ర్యాప్, స్టేజీ పాటలు, ఇంటి దగ్గర పాడుకునేవి. పూజలో మోగే కుల్త్రుంగ్ వినాలంటే అక్కడివాళ్లు పిలవాలి.