చుట్టూ తిప్పితే చిన్నదైపోయే లెక్క

"రాకెట్ మీద పడ్డ రాడార్ తరంగం ఎటు ఎంత చెదురుతుందో ప్రయోగం చెయ్యకుండా చెప్పగలరా?" అని ఒక పాఠకుడు అడిగారు. చెప్పొచ్చు. వస్తువు ఒక అక్షం చుట్టూ తిప్పినట్టు గుండ్రంగా ఉంటే మరీ చౌకగా చెప్పొచ్చు.

తరంగం తగలగానే లోహం పైన కరెంటు పుడుతుంది. చెదిరే తరంగాలు ఆ కరెంటు నుంచే వస్తాయి. దాన్ని కనుక్కోవాలంటే ఉపరితలాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోని కరెంటును తెలియని రాశిగా పెట్టుకోవాలి. ప్రతి ముక్కా మిగతా అన్నిటినీ కదిలిస్తుంది కాబట్టి, ఏ ముక్క ప్రభావం ఏ ముక్క మీద ఎంతో రాసుకునే అంకెల పట్టికలో, అంటే మాత్రికలో, ఒక్క గడీ కూడా ఖాళీగా ఉండదు. 1960ల్లో అమెరికన్ ఇంజనీరు రోజర్ హారింగ్టన్ స్థిరపరచిన ఈ దారి పేరు మొమెంట్ పద్ధతి.

తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు, మన రాకెట్ ఒక స్తూపం (సిలిండర్), దాని పొడవు 90, వ్యాసం 30 అనుకుందాం. తరంగదైర్ఘ్యానికి 10 ముక్కలు వేసినా, ఒక్కో ముక్కకు రెండు దిశల కరెంట్లు లెక్కేస్తే, తెలియని రాశులు 2,20,000 దాకా తేలతాయి. మాత్రికను దాచడానికే 770 గిగాబైట్లు!

సారె మీద కుండ చేసే కుమ్మరి వేలు కుండ చుట్టూ తిరగదు. ఒకే గీత వెంట కిందికీ పైకీ కదులుతుంది, తిప్పే పని సారె చూసుకుంటుంది. ఈ లెక్కలో ఆ సారె ఫూరియే శ్రేణి, అంటే దేన్నయినా సైన్, కోసైన్ అలల మొత్తంగా రాసే పద్ధతి. వేలు నడిచే గీత వరకే మన పని. ఎందుకంటే రెండు బిందువులు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే తీరు వాటి మధ్య కోణంలోని తేడాను బట్టే ఉంటుంది. రెండింటినీ కలిపి 10 డిగ్రీలు తిప్పినా ఏమీ మారదు. అందుకని కరెంటును అక్షం చుట్టూ సైన్, కోసైన్ మోడ్‌లుగా విడదీస్తే, మూడో మోడ్‌కి నాలుగో మోడ్‌తో పనే ఉండదు. పెద్ద మాత్రిక చిన్న చిన్న మాత్రికలుగా విడిపోతుంది. మూతలతో కలిపి గీత పొడవు 40 తరంగదైర్ఘ్యాలు, రాశులు 800. ఒక్కో మాత్రికకు 10 మెగాబైట్లు చాలు. మోడ్‌లు ఎన్ని? చుట్టుకొలతలో తరంగదైర్ఘ్యాలు ఎన్ని పడతాయో అన్ని, అంటే 31, పైన ఇంకో ఐదారు.

బడిలో సౌష్ఠవం అంటే కాగితం మడిచి చూపించి వదిలేస్తారు. అది ఇంత పని చేస్తుందని చెప్పేవారే ఉండరు!

తరంగం సూటిగా అక్షం వెంట వస్తే ఇంకా మజా. వస్తువు ఎంత లావైనా ఒకటో మోడ్ ఒక్కటే చాలు, ఆ తరంగపు క్షేత్రం అక్షం చుట్టూ ఒక్క సైన్, ఒక్క కోసైన్‌గానే మారుతుంది కాబట్టి.

ఒక చిక్కు మాత్రం ఉంది. లోహం పైన విద్యుత్ క్షేత్రం ఎలా ఉండాలో చెప్పే విద్యుత్ క్షేత్ర సమీకరణం ఒక్కదాన్నే నమ్ముకుంటే, గోళం వ్యాసార్థం తరంగదైర్ఘ్యంలో 0.437 వంతు దగ్గరకొచ్చేసరికి కరెంటు అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. ఆ సమీకరణానికి పైపొర తప్ప ఏదీ తెలియదు. గట్టి గుండైనా బోలు గుండైనా దానికి ఒకటే. బోలు గుండు లోపల సరిగ్గా అక్కడే అనునాదం ఉంది, అంటే తరంగం దానంతటదే మోగుతూ నిలిచిపోగలదు. అయస్కాంత క్షేత్ర సమీకరణాన్ని కూడా కలిపితే జబ్బు వదులుతుంది. గోళానికి జర్మన్ భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) 1908లో ఇచ్చిన కచ్చితమైన పరిష్కారం ఉంది కాబట్టి పోల్చి చూసుకోవచ్చు.

మరి రాకెట్‌కి రెక్కలుంటే? ఒక్క రెక్క అతికించినా మోడ్‌లన్నీ కలగాపులగమవుతాయి. ఒకేలాంటి నాలుగు రెక్కలు 90 డిగ్రీల ఎడంతో ఉంటే మాత్రం కొంత లాభం మిగులుతుంది. సంఖ్యల తేడా నాలుగుతో భాగింపబడే మోడ్‌లే ఒకదానితో ఒకటి కలుస్తాయి. మాత్రిక నాలుగు భాగాలుగా విడిపోతుంది.