మిషనరీల జీవితచరిత్రలు: అపోహలు, వాస్తవాలు

గుంటూరులో మా సంఘ గ్రంథాలయాన్ని పంతొమ్మిదేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. మూడు బీరువాలు, ఒక బల్ల, ఒక రిజిస్టరు ఉన్న చిన్న గది అది. ఆదివారం ఆరాధన ముగిశాక గంటన్నర సేపు తెరిచి ఉంచుతాం. ఆ రిజిస్టరులో మిషనరీల జీవితచరిత్రల పేర్లే ఎక్కువసార్లు కనిపిస్తాయి. అయితే తీసుకువెళ్ళినవారిలో చాలామంది సగం చదివి తిరిగి ఇచ్చేస్తారు. ఎందుకని అడిగితే దాదాపు ఒకే జవాబు వస్తుంది: "వాళ్ళెక్కడ, మనమెక్కడండీ!"

గత నెలలో ఒక సహోదరి, ఇంగ్లండు నుంచి బెంగాలుకు వచ్చిన మిషనరీ విలియం కేరీ చరిత్రను తిరిగి ఇస్తూ బల్ల దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. మంచం పట్టిన అత్తగారు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, పొద్దున్నే వంట, ఆ తరువాత ఉద్యోగం. ప్రార్థనకు పది నిమిషాలు దొరకడమే కష్టమైన జీవితం ఆమెది. "ఇంత త్యాగం నేనేమీ చేయలేదండీ. అసలు నాది నిజమైన విశ్వాసమేనా అని భయంగా ఉంది" అన్నారు. ఈ మాట నేను ఆమె ఒక్కరి నోటనే వినలేదు కనుక ఇది రాస్తున్నాను.

అపోహ: మిషనరీలు ఏ లోపమూ లేని మహాత్ములు, వారి చరిత్ర చదివేది మన కొరతను తెలుసుకోవడానికే.

వాస్తవం: ఆ సహోదరి చదివింది నలభై పేజీల సంక్షిప్త పుస్తకం. అందులో ఒక పేజీలో కేరీ ఓడ దిగుతారు, తరువాతి పేజీలో ఆయన సేవలో మొదటి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం పొందుతారు, ఆ రెండింటి మధ్య "ఏడేళ్ళు ఓపికగా ప్రయాసపడ్డారు" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యంలో ఏమేమి దాగి ఉన్నాయో నేను ఆమెకు తేదీలతో సహా చెప్పాను. కేరీ భార్య డొరొతీ మొదట ఇండియాకు రానన్నారు. ప్రయాణం ఆలస్యం కావడంతో మళ్ళీ వచ్చి అడిగితే, వారాల పసిబిడ్డను ఎత్తుకుని చివరి క్షణంలో ఒప్పుకున్నారు. 1793 నవంబరులో వారు కలకత్తా చేరారు. మరుసటి ఏడాదే అయిదేళ్ళ కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తరువాత డొరొతీ మనసు చెదిరిపోయింది. 1807లో కన్నుమూసేవరకు ఆమె కోలుకోలేదు. ఇల్లు గడవడానికి కేరీ నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరుగా పనిచేశారు. కృష్ణపాల్ బాప్తిస్మం 1800 డిసెంబరులో గాని జరగలేదు.

ఇవన్నీ తెలిశాక కేరీ మీద గౌరవం తగ్గుతుందేమోనని కొందరు పెద్దలు భయపడతారు. నా అనుభవంలో అలా జరగలేదు. డొరొతీని ఆ విధంగా ఒప్పించి తీసుకురావడం న్యాయమేనా అన్న ప్రశ్న మాత్రం చదివేవారికి తప్పక కలుగుతుంది, కలగాలి కూడా. ఆ ప్రశ్న నాకూ ఉంది, దాన్ని దాటవేసే పుస్తకాన్ని నేను ఎవరి చేతికీ ఇవ్వను. కేరీ తన గురించి తాను చెప్పుకున్నది కూడా చాలా చిన్న మాటే: తన జీవితం ఎవరైనా రాస్తే, విసుగు లేకుండా ఒక పనిని పట్టుకుని సాగిపోగలిగినవాడు అని రాస్తే చాలునన్నారు. 1812 మార్చిలో కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్‌లో ఉన్న మిషను అచ్చుకూటం కాలిపోయి ఏళ్ళ తరబడి రాసిన రాతప్రతులు బూడిదైతే ఆయన మళ్ళీ మొదటినుంచి కూర్చున్నారు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. మంచం పట్టిన మనిషికి రోజూ అన్నం కలిపి పెట్టే సహోదరికి, విసుగు లేకుండా సాగిపోవడమన్న ఆ మాట పరాయిదేమీ కాదు.

ఈ అపోహ వలన జరిగే నష్టం కన్నీళ్ళతో ఆగదు. కొన్నేళ్ళ క్రితం డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడు, పరీక్ష ఫీజు కట్టడం మానేసి, "అన్నా, సమస్తమూ విడిచి సేవకు వెళ్తున్నాను" అని వచ్చాడు. అతను చదివిన చిన్న పుస్తకాలన్నింటిలోనూ పిలుపు ఒక రాత్రిలో వచ్చి, తెల్లవారేసరికి ప్రయాణం మొదలవుతుంది. అతన్ని కూర్చోబెట్టి మన ఊళ్ళో సేవ చేసిన అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారి సంగతి చెప్పాను. ఆమె వైద్యం చదివి, 1883లో గుంటూరు వచ్చారు. అయితే మిషను అప్పటికి ఆమెను డాక్టరుగా నియమించలేదు, ఇళ్ళలో ఉండే స్త్రీలకు బోధించడానికి పంపింది. ఆమె తన వైద్య సామగ్రిని వెంట తెచ్చుకుని, అప్పగించిన పని చేస్తూనే రోగులను చూశారు. ఆసుపత్రి తెరిచింది 1898లో, అంటే పదిహేనేళ్ళకు. 1930లో ఆమె ఇక్కడే కన్నుమూశారు. ఆ పదిహేనేళ్ళ లెక్క విన్నాక కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి సోమవారం వెళ్ళి అపరాధ రుసుముతో ఫీజు కట్టాడు. ఇప్పుడు అతను ఒక బడిలో లెక్కలు చెబుతూ, ఆదివారం సండేస్కూలు నడుపుతున్నాడు.

అప్పటినుంచి ప్రతి జీవితచరిత్రకు ఖాకీ అట్ట వేసి, అట్ట లోపలివైపు పెన్సిలుతో సంవత్సరాల పట్టిక రాస్తున్నాను: పుట్టుక, పెళ్ళి, ప్రయాణం, బిడ్డల మరణాలు, మొదటి విశ్వాసి, ఖాళీగా గడిచిన ఏళ్ళు. ఆ ఖాళీ ఏళ్ళ కింద గీత గీస్తాను. పుస్తకం తిరిగి ఇచ్చేవారు ఇప్పుడు ఆ గీతల గురించే ఎక్కువగా అడుగుతున్నారు.

మిగిలినవి త్వరగా చెబుతాను.

మిషనరీ చరిత్రలంటే తెల్లవారి చరిత్రలే అనుకోవడం పొరపాటు. దోర్నకల్‌లో 1912లో బిషప్పు అయిన అజరయ్య గారు తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య గారు 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువర్గమంతటా తిరిగి చెప్పకపోతే, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి చరిత్రలో సగం పేజీలు ఉండేవి కావు.

ఆ క్లౌ గారి గురించే మరొక పుకారు: 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం పొందిన 2,222 మంది కరువులో గంజి కోసం వచ్చారని. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చిన మాట నిజం. అయితే సహాయం కోసం ఎవరూ చేరకూడదని ఆ కరువు కాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేసింది కూడా ఆయనే. ఈ రెండో సంగతి తెలియకుండా మొదటిదాన్ని ప్రచారం చేయడం అన్యాయం. అలాగే కరువు ఊసే ఎత్తకుండా 2,222 అన్న అంకెను మాత్రం ప్రసంగాల్లో వాడటమూ సరి కాదు.

విజయవాడ నుంచి వచ్చే పిల్లలు కాటన్ దొరను, సి.పి. బ్రౌన్‌ను మిషనరీల జాబితాలో రాస్తుంటారు. కాటన్ ఇంజనీరు, బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. బ్రౌన్ తండ్రి మాత్రం కలకత్తాలో పాదిరి.

యౌవనంలో వెళ్ళకపోతే ఇక సేవ లేదని దిగులుపడేవారికి ఒక్క మాట. 1842 జూలై 31న గుంటూరు చేరేనాటికి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారికి నలభై తొమ్మిదేళ్ళు. 1869లో మళ్ళీ ఆంధ్రకు బయలుదేరేనాటికి డెబ్బై ఆరు.

ఇక వాట్సాప్‌లో తిరిగే కథలు. ఊరి పేరు, సంవత్సరం, చూసినవారి పేరు లేని అద్భుతాన్ని దయచేసి సాక్ష్యంగా చెప్పవద్దు. అది అబద్ధమని తేలిన రోజున మన పిల్లలు నిజమైన చరిత్రను కూడా నమ్మడం మానేస్తారు. అలా మానేసినవారిని ఇద్దరిని నేను ఎరుగుదును.

ఆ సహోదరి ఈసారి డొరొతీ గురించి విడిగా ఏదైనా ఉందా అని అడిగారు. మా బీరువాల్లో లేదు. పెద్ద పుస్తకాల్లో ఆమె ప్రస్తావన ఉన్న పేజీలన్నీ వెదికి, పదకొండు పేజీలు చేతితో రాసి, వచ్చే ఆదివారానికి కుట్టి ఉంచాను.