విశాఖ రోడ్లు, మన పన్నులు: అపోహలు – వాస్తవాలు

మునిసిపల్ రోడ్లకు ఎస్టిమేట్లు వేయడం, పని కొలతలు తీయడం నా వృత్తి. వానలు మొదలైతే చాలు, పెళ్లి పందిట్లో కూడా నన్ను ఒకటే అడుగుతారు: "ఇంత పన్ను కడుతున్నాం, రోడ్లెందుకు ఇలా ఉన్నాయి?" ఆ కోపంలో తప్పు లేదు. కానీ డబ్బు ఏ దారిన వస్తుందో తెలిస్తేనే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

అపోహ: బండి కొన్నప్పుడు రోడ్డు ట్యాక్స్ కట్టాం, దాంతో మా వీధి రోడ్డు వేయాలి.

వాస్తవం: లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ఖజానాకు పోతుంది. పెట్రోలు మీద సెస్సులు కేంద్రానికో, రాష్ట్రానికో చేరతాయి. వీధి రోడ్డుకు ప్రధాన ఆధారం కార్పొరేషన్ జనరల్ ఫండే: ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ప్లాన్ ఫీజులు. రిజిస్ట్రేషన్‌లో మీరు కట్టే 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కూడా స్థానిక సంస్థల కోసమే, అయితే అది ముందు రాష్ట్రం చేతికి వెళ్లి తర్వాత ఇటు రావాలి.

అపోహ: ఊళ్లో రోడ్లన్నీ జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్)వే.

వాస్తవం: కావు. మద్దిలపాలెం మీదుగా పోయేది 16వ నంబరు జాతీయ రహదారి. పోర్టు లోపలి రోడ్లు పోర్టువి, ఉక్కునగరంలోవి స్టీల్‌ప్లాంటువి.

అపోహ: కేంద్రం కోట్లు ఇస్తోంది కదా.

వాస్తవం: 15వ ఆర్థిక సంఘం (2021–26) పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఇచ్చిన గ్రాంటు గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త పనులకు ముడిపెట్టింది. గోతులు పూడ్చడానికి ఇష్టమొచ్చినట్టు వాడుకునే సొమ్ము కాదది. 2016లో విశాఖ స్మార్ట్ సిటీ తొలి జాబితాలోకి వచ్చింది. ఆ పథకం కింద కట్టినవాటిని కూడా తర్వాత ఎవరో ఒకరు పోషించాలి. 2018లో జీవీఎంసీ బాండ్లతో 80 కోట్లు తెచ్చింది. అది అప్పు, వడ్డీతో తీర్చాల్సిందే.

అపోహ: గోతులన్నిటికీ కాంట్రాక్టరే కారణం.

వాస్తవం: నాసిరకం పని ఉంది, కాదనను. ట్యాక్ కోట్ (పాత పొరకు కొత్త పొర అతుక్కోవడానికి చల్లే పల్చటి తారు) ఎగ్గొట్టడం, చల్లారిపోయిన మిక్స్ మీద రోలర్ తిప్పడం నేను చూశాను. డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలకు కాంట్రాక్టరే బాధ్యుడయ్యే కాలం, తీరకపోతే కాంట్రాక్టర్ చేతే సొంత ఖర్చుతో బాగుచేయించాలి. అయినా తారు రోడ్డుకు అసలు శత్రువు నీళ్లు. గెడ్డ (వాన నీటి కాలువ) పూడుకుపోయిన చోట, మ్యాన్‌హోల్ కారే చోట రోడ్డు మీద మొసలి చర్మంలా పగుళ్లు లేస్తాయి. వాన పడ్డాక అక్కడ నిలబడి చూడండి. లారీ చక్రం ఎక్కగానే పగులులోంచి బురద నీళ్లు పైకి చిమ్ముతాయి. ఆ బురద కింది పొరలోని మెత్తటి మట్టి. అలా కొంచెం కొంచెంగా లోపల బోలు పడి, ఒకరోజు పైపొర కూలుతుంది. పైగా ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు పదహారు రెట్లు. పోర్టు లారీలు తిరిగే కాన్వెంట్ జంక్షన్ వైపు, గాజువాక వైపు లెక్క వేరు కావడానికి కారణం ఇదే.

పగుళ్లున్నప్పుడే తారుతో మూసి, గెడ్డ తవ్విస్తే కొద్ది ఖర్చుతో పోతుంది. వదిలేస్తే పునాది దాకా తవ్వాలి. కానీ పగుళ్లు మూసే పనికి ఏ పథకమూ ఉండదు, శిలాఫలకమూ ఉండదు. ఆ చిన్న డబ్బు జనరల్ ఫండ్ నుంచే రావాలి. అక్కడ జీతాలు, కరెంటు బిల్లులు దాని కంటే ముందు వరుసలో ఉంటాయి.

అపోహ: ఇంటి పన్ను ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రం ఆస్తులకు ఆస్తి పన్ను లేదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పుతో, అందే సేవలను బట్టి ఆస్తి పన్నులో 33⅓ నుంచి 75 శాతం దాకా సర్వీస్ ఛార్జీలు మాత్రం రావాలి. రైల్వే, నౌకాదళం ఇంత స్థలంలో ఉన్న ఊళ్లో మిగిలిన బరువు ఎక్కువగా ఇళ్లు, దుకాణాల మీదే. ఆ పన్ను ఆలస్యమైతే జనరల్ ఫండ్‌కే కొరత. పన్ను బకాయిలకు వడ్డీ మాఫీ ప్రకటించిన ప్రతిసారీ, ఏప్రిల్‌లోనే కట్టేసిన వాళ్లకు అన్యాయం జరుగుతోందని నా గట్టి అభిప్రాయం.

అపోహ: పాత రోడ్డు మీదే మరో పొర వేస్తే చవక.

వాస్తవం: రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు మీ గేటులోకి వస్తాయి. పని మొదలైన రోజే సైటు ఇంజనీర్‌ని అడగండి: పాత పొర గీకుతున్నారా, కాలువ వైపు వాలు ఎంత ఇస్తున్నారు అని.