గెలిచినా చేతికి రాని డబ్బు: దావా ఖర్చులు, నకళ్ల ఫీజుల వెనక కథ

విశాఖ జిల్లా కోర్టులో మా నాన్నగారు గెలిచిన స్థలం దావా డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు) మా ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది. చివరి పేజీలో ఖర్చుల పట్టీ. ప్లెయింటు (దావా అర్జీ) మీద స్టాంపు, వకాలత్ (వకీలును పెట్టుకున్న కాగితం) మీద స్టాంపు, ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపడానికి కట్టేది) అన్నీ లెక్కగా రాసి ఉన్నాయి. అడ్వకేట్ ఫీజు దగ్గరికి వచ్చేసరికి గీత. పక్కన ‘ఫీజు సర్టిఫికెట్ దాఖలు కాలేదు’ అని ఒక్క ముక్క. ఫీజు ముట్టిందని వకీలు రాసిచ్చే ఆ కాగితం వేయకపోతే వకీలుకు ఎంతిచ్చినా ఇవ్వనట్టే లెక్క. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు.

చట్టం మాత్రం ఇలా జరగాలనలేదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఓడినవారే ఖర్చులు భరించాలి. అలా వద్దనుకుంటే జడ్జి కారణం రాయాలి. కానీ ‘ఎవరి ఖర్చులు వారివే’ అన్న మాట తీర్పుల చివర అలవాటుగా స్థిరపడిపోయింది. ఖర్చులు ఇప్పించినా పట్టీకెక్కేది స్టాంపులు, నిబంధనల ప్రకారం వచ్చే వకీలు ఫీజు మాత్రమే.

నకళ్ల సంగతి ఇంకా చిక్కు. అప్పీలుకు వెళ్లాలంటే తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) కావాలి. కాపీ అప్లికేషన్ పెట్టాలి, స్టాంపులు ఎప్పుడు అడుగుతారో నోటీసు బోర్డు చూస్తుండాలి, గడువులోగా కట్టాలి. కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. చేతికొచ్చిన కాపీ మీద అప్లికేషన్ పెట్టిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, కట్టిన రోజు, కాపీ సిద్ధమైన రోజు వరసగా ఉంటాయి. 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద కాపీకి పట్టిన కాలం అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు కాబట్టి ఆ తేదీలే ప్రాణం. సిద్ధమయ్యాక తీసుకోకుండా ఊరుకున్న రోజులు మన ఖాతాలోనే పడతాయి. భీమిలి నుంచో పెందుర్తి నుంచో బస్సెక్కి ‘కాపీ వచ్చిందా అండీ’ అని అడిగి ఉత్త చేతులతో తిరిగి వెళ్లే మనిషి ఛార్జీలు ఏ పట్టీలోనూ ఉండవు.

పై కోర్టు మాటకొస్తే విశాఖవాళ్లకు అది కుదురుగా ఒకచోట ఉన్నదే లేదు. మొదట మద్రాసు, 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 జనవరి 1 నుంచి అమరావతి. కాగితాల కట్ట ఒకటే, రైలు మారింది.

సరిదిద్దే ప్రయత్నాలు జరక్కపోలేదు. అబద్ధపు దావా వేసినవారి నుంచి పరిహారం ఇప్పించే 35ఎ సెక్షన్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోకి 1922లో వచ్చింది, పరిమితి 1,000 రూపాయలు. 1976 సవరణ దాన్ని 3,000 చేసింది. వాయిదాలతో సాగదీసేవారి మీద ఖర్చులు వేసే 35బి కూడా అప్పుడే పుట్టింది. ఏయే ఖర్చులు ఇప్పించవచ్చో చెప్పే ఆర్డర్ 20ఎ అనే కోడ్ భాగం కూడా ఆ సవరణదే. నోటీసులు, టైపు, రికార్డుల పరిశీలన అందులో చేరాయి. తీర్పు, డిక్రీల కాపీ ఛార్జీలు మాత్రం అప్పీళ్ల వరకే అన్నారు. కింది కోర్టులో సాక్ష్యం కోసం తీసిన నకళ్లకు అక్కడ పేరు పెట్టి చోటివ్వలేదు. నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే.

ఖర్చులంటే నిజంగా అయిన సహేతుకమైన ఖర్చులే కావాలని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాట పట్టుకుని ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో 45 లక్షలకు పైగా ఖర్చులు విధిస్తే, నిబంధనలు దాటి ఇవ్వడం కుదరదని 2011లో అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేస్తూనే 35ఎ పరిమితిని లక్షకు పెంచాలని సూచించింది. మరుసటి ఏడాది జస్టిస్ పి.వి.రెడ్డి నాయకత్వంలోని లా కమిషన్ (చట్టాల్లో మార్పులు సూచించే సంఘం) తన 240వ నివేదికను ఈ ఒక్క విషయానికే కేటాయించింది.

2015 కమర్షియల్ కోర్టుల చట్టంతో వ్యాపార వివాదాలకు 35వ సెక్షన్‌ను కొత్తగా రాశారు. వకీలు ఫీజు, సాక్షుల ఖర్చులు స్పష్టంగా చేర్చారు. విశాఖలోనూ అలాంటి కోర్టు ఉంది. కానీ మధురవాడలో అన్నదమ్ములు పంచుకోవాల్సిన రెండొందల గజాల స్థలం వ్యాపార వివాదం కాదు. అక్కడ అబద్ధపు దావా వేసినవారికి పడే పరిహారం ఈ రోజుకీ 3,000 దాటదు.