భారీ గుమ్మడికాయ రంగు ఎవరి పోలిక?

ఒక పాఠకుడు ఇలా అడిగారు: నారింజ రంగు కాయ కాసే భారీ గుమ్మడి తీగ మీది ఆడపువ్వుకు ఆకుపచ్చ కాయ కాసే తీగ నుంచి తెచ్చిన పుప్పొడిని అద్దినా కాయ నారింజ రంగులోనే పెరిగింది, అంటే సంకరం విఫలమైనట్లేనా? విఫలం కాలేదు. ఆయన తండ్రి రంగును తల్లి ఒంటి మీద వెతికారు, అంతే.

గుమ్మడి ఆడపువ్వు విచ్చుకోకముందే దాని అడుగున చిన్న పిందె కనిపిస్తుంది. అది పువ్వు అండాశయం. తొక్క, కండ దాని గోడ నుంచే పెరుగుతాయి కనుక అవి పూర్తిగా తల్లి మొక్క కణజాలమే. పుప్పొడి తెచ్చిన జన్యువులు చేరేది గింజ లోపలికే, ముఖ్యంగా అందులోని పిండానికి. పక్క పాదు పుప్పొడి సోకి కాయ రంగు మారిందనే నమ్మకం చాలామందిలో ఉంది గాని, ఈ గుమ్మడికాయల దొంగతనంలో ఆ ఏటికి పుప్పొడి భుజాలు తడుముకోవలసిన పని లేదు.

వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో ప్రచురించిన బఠానీ ప్రయోగాలను పాఠంగా చెప్పేటప్పుడు 3:1 నిష్పత్తిని (మూడు వంతులకు ఒక లక్షణం, నాలుగో వంతుకు రెండోది) వల్లె వేయిస్తారు గాని, అది ఏ కణజాలంలో ఎప్పుడు కనిపిస్తుందో చెప్పరు. బఠానీ గింజలోని పసుపు, ఆకుపచ్చ రంగులు బీజదళాలవి, అంటే పిండానివి. అందుచేత పుప్పొడి ప్రభావం ఆ ఏడాది కాయను ఒలవగానే కనబడుతుంది. అదే బఠానీలో గింజ పైపొర రంగు, కాయ రంగు తల్లివి. వాటి ఫలితం ఒక తరం ఆలస్యంగా వస్తుంది. గుమ్మడి తొక్క ఈ రెండో కోవకు చెందినది.

ఒకే జన్యువు రంగును శాసిస్తుందనీ, తల్లీ తండ్రీ శుద్ధమైన వంశాలవేననీ, నారింజ బహిర్గతమనీ, అంటే ఆకుపచ్చ జన్యువుతో కలిసినా నారింజే పైకి కనబడుతుందనీ అనుకుందాం. మొదటి ఏడాది కాయ తల్లిలాగే నారింజ. రెండో ఏడాది, సంకర గింజల నుంచి వచ్చిన తీగలన్నిటికీ నారింజ కాయలే. వాటిలో ఒక తీగ ఆడపువ్వుకు ఆ తీగ పుప్పొడినే అద్దితే, వచ్చిన గింజలను మూడో ఏడాది నాటినప్పుడు గాని నాలుగో వంతు తీగలకు ఆకుపచ్చ కాయలు కాయవు. మన పాఠకుడు రెండేళ్లపాటు తన పని చెడిందనే అనుకుంటూ ఉండేవారు!

అసలు లెక్క ఇంత సులువు కాదు. ఈ జాతి పేరు కుకుర్బిటా మాక్సిమా, క్రోమోజోములు 20 జతలు. ఇందులో టర్క్స్ క్యాప్ రకపు ఎరుపు తొక్క ఆకుపచ్చ, పసుపు, తెలుపు, బూడిద రంగులపై బహిర్గతంగా ఉంటుంది; బ్లూ హబ్బార్డ్ రకపు నీలం మాత్రం ఆకుపచ్చ ముందు అసంపూర్ణంగా అణగిపోతుంది. తొక్క రంగు వెనుక రెండు వేర్వేరు పనులున్నాయి: పత్రహరితం నిలవడం లేదా తొలగడం ఒకటి, పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటినాయిడ్లు పేరుకోవడం మరొకటి. పత్రహరితం తొలగినా కెరోటినాయిడ్లు చాలకపోతే కాయ వెలిసిన మీగడ రంగులో మిగులుతుంది.

దీనికి పరిమాణం తోడవుతుంది. పది సెంటీమీటర్ల పిందె ఒకటిన్నర మీటర్ల కాయగా మారితే వ్యాసం 15 రెట్లు, తొక్క వైశాల్యం 225 రెట్లు అవుతుంది. కణాలు అంత వేగంగా సాగుతున్నప్పుడు రంగు ఉత్పత్తి వెనుకబడితే కాయ పాలిపోతుంది. 2025లో ఇంగ్లండులో తూచిన రికార్డు కాయ బరువు 1,278 కిలోలు దాటింది. కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవర్డ్ డిల్ రూపొందించిన అట్లాంటిక్ జెయింట్ వంశం నుంచే నేటి భారీ కాయలు వచ్చాయి; ఆయన ఎంపికలో ప్రధానం పరిమాణమే అయినా, అందమైన కాయకు ఇచ్చే బహుమతి మాత్రం ఆయన పేరిటే ఉండడం నాకు తమాషాగా తోస్తుంది. పోటీల్లో పసుపు, నారింజ కాయలను గుమ్మడిగానూ, ఆకుపచ్చ, బూడిద, నీలం కాయలను స్క్వాష్ అనే వేరే వర్గంగానూ విడదీస్తారు. జాతి ఒకటే, తేడా తొక్కదే.

అయితే ఈ నిష్పత్తులను పొలంలో పరీక్షించడం కష్టం. ఒక్కో తీగకు వంద చదరపు మీటర్ల వరకు నేల కావాలి, దానిపై ఉంచేది సాధారణంగా ఒకే కాయ. మూడో తరంలో నాలుగు తీగలు పెంచితే ఒక్క ఆకుపచ్చ కాయ కూడా రాకపోయే అవకాశం 32 శాతం; పది తీగలతో, అంటే వెయ్యి చదరపు మీటర్ల నేలతో, అది 6 శాతానికి తగ్గుతుంది.