హాజరు పట్టీలో పుట్టిన నేరాలు

నేరానికి మూలం రక్తంలో ఉందా, బతుకు పరిస్థితుల్లో ఉందా? ఈ ప్రశ్నకు ఒకప్పుడు ఇచ్చిన జవాబు మన దేశంలో చట్టమైంది. ఆ చట్టం కింద పుట్టిన ఊరు బాపట్ల, చీరాల మధ్య ఇప్పటికీ ఉంది. దాని పేరు స్టువర్టుపురం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం మొదట ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. ఈ దేశంలో నేతగాడి కొడుకు మగ్గం ఎక్కుతాడు, వడ్రంగి కొడుకు ఉలి పడతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది దాని వెనకున్న వాదన. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో 'నేరస్థ తెగ' అని ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే పాసు కావాలి. చెప్పిన వేళకు హాజరు చెప్పుకోవాలి. చాలా చోట్ల అది రాత్రి వేళే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. తెలుగు నాట దీని బరువు ఎక్కువగా మోసింది ఎరుకలవారు. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్మెంట్‌గా, అంటే ఇలాంటి తెగలవారిని నిఘాలో ఉంచే నివాసంగా, స్టువర్టుపురం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివాళ్లలో చాలామంది చీరాల పొగాకు కంపెనీలో పనికి వెళ్లేవారు.

అదే కాలంలో ఐరోపాలోనూ ఇలాంటి ఆలోచనే నడిచింది. ఇటలీ వైద్యుడు చెజారె లొంబ్రోసో 1876లో 'పుట్టు నేరస్థుడు' ఉంటాడని, దవడ, నుదురు, చెవుల తీరు చూసి అతన్ని గుర్తించవచ్చని రాశాడు. ఆయన కొలిచింది ఎక్కువగా జైళ్లలో, పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లని. బయట తిరిగే మామూలు జనంలో అవే లక్షణాలు ఎంతమందికి ఉన్నాయో సరిగ్గా లెక్క తీయలేదు. ఇంగ్లండు జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ ఆ పని చేశాడు. సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసి, వాటిని విశ్వవిద్యాలయ విద్యార్థుల, సైనికుల కొలతలతో పోల్చాడు. నేరస్థుడికంటూ ప్రత్యేకమైన ముఖమేదీ కనబడలేదు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. మన దగ్గర సెటిల్మెంట్లు లేస్తున్న రోజులవి.

పుట్టుకతోనే నేరస్థులన్న ఈ సిద్ధాంతం తన సాక్ష్యాన్ని తనే తయారు చేసుకుంటుంది. దాన్ని గట్టిగా పట్టించుకోవాల్సింది అందుకే. హాజరుకు రాకపోవడం ఆ చట్టం కింద నేరం, పాసు లేకుండా పక్క ఊరి సంతకు వెళ్లడమూ నేరమే. మిగతా కులాలకు లేని నేరాలివి. ఇక ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు ముందు రిజిస్టరు తెరిచి, అందులో ఉన్నవాళ్లనే పట్టుకుంటారు. ఏడాది చివర శిక్షల లెక్క తీస్తే ఆ తెగ అంకె పెద్దగా కనిపిస్తుంది. ఆ అంకె చూపించి చట్టాన్ని కొనసాగిస్తారు. అక్కడ లెక్కకొచ్చింది నేరం కాదు, నిఘా.

ఇంతకీ ఎరుకలవారి బతుకు ఎలా తలకిందులైంది? ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేరవేసి, అక్కడి ధాన్యాన్ని ఇటు తెచ్చే వ్యాపారం వారిది. వెదురు తట్టలు, ఈతాకు బుట్టలు అల్లేవారు. ఆడవాళ్లు ఎరుక చెప్పేవారు. ఉప్పు మీద ప్రభుత్వం గుత్తాధిపత్యం బిగించింది, రైలు వచ్చి సరుకు రవాణాను లాగేసుకుంది. 1876–78 కరువులో పశువులు పోయాయి. 1882 మద్రాసు అడవి చట్టంతో వెదురుకూ ఆకుకూ ఆంక్షలొచ్చాయి. అమెరికా సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1938లో చెప్పిన మాట ఇక్కడ అతుకుతుంది. బతకాలన్న ఆశ అలాగే ఉండి, న్యాయమైన దారులు మూసుకుపోతే, కొందరు అడ్డదారి వెతుక్కుంటారని ఆయన అన్నాడు. 'కొందరు' అన్నదే ఇక్కడ ముఖ్యం. కరువు అందరికీ వచ్చింది, అందరూ దొంగతనానికి దిగలేదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మెర్టన్ సిద్ధాంతం చెప్పలేదు.

మరి వంశపారంపర్యం బొత్తిగా అబద్ధమా? కాదు. 1984లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సార్నాఫ్ మెడ్నిక్ బృందం డెన్మార్క్‌లో 1924–47 మధ్య దత్తతకు వెళ్లిన 14,427 మంది రికార్డులు పరిశీలించింది. కన్నవాళ్లకూ పెంచినవాళ్లకూ శిక్షలు లేనప్పుడు కొడుకుల్లో 13.5 శాతానికి శిక్ష పడింది. పెంచినవాళ్లకు మాత్రమే ఉంటే 14.7, కన్నవాళ్లకు మాత్రమే ఉంటే 20, ఇద్దరికీ ఉంటే 24.5 శాతం. పుట్టుక ప్రభావం ఉందన్నమాట. అయితే అది ఆస్తి నేరాల్లోనే స్పష్టంగా కనబడింది, హింసాత్మక నేరాల్లో కాదు. రెండు వైపులా నేర చరిత్ర ఉన్నా నలుగురిలో ముగ్గురికి ఏ శిక్షా పడలేదు. ఈ అంకెలు చెప్పేది ఒకే జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా గురించి. ఒక కులానికీ ఇంకో కులానికీ మధ్య తేడా గురించి వీటి నుంచి ఒక్క ముక్క కూడా రాబట్టలేం. 1871 వాదన పడిపోయేది సరిగ్గా ఇక్కడే.

క్రోమోజోముల విషయంలోనూ లొంబ్రోసో పొరపాటే మళ్లీ జరిగింది. 1965లో స్కాట్లండులో ఒక కట్టుదిట్టమైన ఆసుపత్రిలోని రోగుల్లో, మగవాళ్లకు మామూలుగా ఒకటే ఉండే వై క్రోమోజోము అదనంగా ఇంకొకటి ఉన్నవాళ్లు ఎక్కువగా దొరికారు. వెంటనే దానికి 'హింస క్రోమోజోము' అని పేరు పడింది. 1976లో డెన్మార్క్ పరిశోధకులు ఆసుపత్రి గోడల బయట వెతికారు. అలాంటివాళ్లు పొడుగ్గా ఉంటారు కాబట్టి 4,139 మంది పొడగరుల్ని పరీక్షిస్తే అలాంటివాళ్లు 12 మందే తేలారు. వాళ్లలో శిక్షలు పడినవాళ్ల శాతం ఎక్కువే గానీ, హింసకు ఆధారం దొరకలేదు.

చికాగోలో సమాజ శాస్త్రవేత్తలు క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే వెతికిన దారి వేరు. వాళ్లు మనుషుల్ని వదిలి వాడల్ని చూశారు. నగరం నడిబొడ్డుకు ఆనుకుని అద్దెలు తక్కువగా, జనం వచ్చిపోతూ ఉండే పేటల్లో బాల నేరాలు ఎక్కువ. ఆ పేటల్లో దశాబ్దాల పాటు ఒక దేశం వలసదారులు వెళ్లి ఇంకో దేశం వాళ్లు వచ్చారు. నేరాల రేటు మాత్రం ఆ పేటల్లోనే ఎక్కువగా ఉంటూ వచ్చింది. అక్కడి నుంచి బయటికి పోయి స్థిరపడినవాళ్ల పిల్లల్లో తగ్గింది. దోషం జాతిదైతే అది వాళ్ల వెంట వెళ్లాలి కదా!

కారణం తెలియకపోయినా నేరం తగ్గించవచ్చని చెప్పేది అవకాశాల సిద్ధాంతం. 1979లో అమెరికా సమాజ శాస్త్రవేత్తలు లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ దీన్ని సూటిగా చెప్పారు: చేయాలనుకున్న మనిషి, చేతికందే వస్తువు, కాపలా లేని వేళ, మూడూ ఒకచోట కలిస్తేనే నేరం. పశ్చిమ జర్మనీ 1963లో కొత్తవీ పాతవీ అన్న తేడా లేకుండా కార్లన్నిటికీ స్టీరింగ్ తాళం తప్పనిసరి చేస్తే కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ 1971లో కొత్త కార్లకే పెట్టింది. దొంగలు పాత కార్ల వైపు మళ్లారు.

మానేసేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. నేరాల వయసు రేఖ దాదాపు ఎక్కడ గీసినా ఒకే ఆకారంలో వస్తుంది. కౌమారంలో పైకి లేచి, ఇరవైల్లో దిగుతుంది. బోస్టన్‌లో చిన్నప్పుడే నేరాలకు పట్టుబడిన 500 మంది మగపిల్లల రికార్డుల్ని నేర పరిశోధకులు రాబర్ట్ సాంప్సన్, జాన్ లాబ్ వాళ్ల 70వ ఏడు దాకా వెంబడించారు. ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు మానేశారు. నిలకడైన ఉద్యోగం, మంచి పెళ్లి, సైన్యంలో చేరిక వాళ్లను మలుపు తిప్పాయి. ఊరి పేరు చెప్పగానే పని ఇవ్వడానికి వెనకాడే చోట, అద్దెకు ఇల్లు దొరకని చోట ఆ మలుపు రాదు. ముద్ర పడ్డాక మనిషి ఆ ముద్రకు తగ్గట్టే మారే ప్రమాదం ఉందని అమెరికా సమాజ శాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1963లో వాదించాడు. ఆయన మాటల్లో అతి ఉందనేవాళ్లున్నారు. కానీ సెటిల్మెంటులో పుట్టి పెరిగిన తరాలకు ఆ వాదన ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు.

మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది, 1952లో దేశమంతటా రద్దయింది. దాని చోటులో 'అలవాటు నేరస్థుల' చట్టాలు వచ్చాయి. అవి తెగను గాక మనిషిని చూడాలి. జైలు నియమావళుల్లో మాత్రం పాత తెగల ప్రస్తావన పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసి, జైలు రిజిస్టర్లలో ఖైదీ పేరు పక్కనున్న కులం గడిని తీసేయమని ఆదేశించింది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రద్దయి అప్పటికి 72 ఏళ్లు.